బోధకులకూ ఒక పొలంబడి కావాలి!

నెలకు ఒక్క పూట కలిసి కూర్చుందాం, రండి

నెల్లూరు జిల్లాలో పెద్దలకు అక్షరాలు నేర్పిన, నేర్పుతున్న అక్కలకు, అన్నలకు. డిగ్రీ, పాలిటెక్నిక్, ఐటీఐ కాలేజీల్లో పాఠాలు చెప్పే అధ్యాపక మిత్రులకు. దూరవిద్య స్టడీ సెంటర్లలో ఆదివారాలు క్లాసులు తీసుకునే కౌన్సెలర్లకు. ఈ ఏడాదే ఉల్లాస్ అక్షరాస్యత పథకంలో వలంటీర్లుగా పేరిచ్చిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు.

1991లో నాకు ఇరవై ఏళ్లు. డిగ్రీ చదువుకుంటూ మా ఊళ్లో రాత్రిబడి నడిపాను. సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం జిల్లా అంతా హోరెత్తుతున్న రోజులవి. పంచాయతీ ఆఫీసు అరుగు మీద ఒక లాంతరు, పద్దెనిమిది పలకలు, పద్దెనిమిది మంది ఆడవాళ్లు. పగలంతా నాట్లు వేసి, ఇంటికొచ్చి వంట చేసి, పిల్లల్ని పడుకోబెట్టి వచ్చేవాళ్లు. వాళ్లలో ఒక పెద్దావిడకు అరవై దగ్గర ఉంటాయి. బలపం పడితే చెయ్యి వణికేది. 'అ' రాయమంటే మొదటి మెలిక తిరిగేలోపే బలపం పుటుక్కున విరిగేది. రెండు వారాలు ప్రయత్నించింది. "నాయనా, ఈ చేతికి కొడవలి వచ్చుగానీ బలపం రాదులే" అని చెప్పి రావడం మానేసింది. ఆమె వెనకే ఇంకో నలుగురు మానేశారు.

ఏం చేయాలో నాకు తోచలేదు. ఎవరిని అడగాలో కూడా తెలియలేదు. నెలకోసారి మండల కేంద్రంలో మీటింగు ఉండేది. అక్కడ ఎంతమంది చేరారు, ఎంతమంది వస్తున్నారు, వాచకం ఎన్నో పాఠం దాకా అయింది అని అడిగి కాగితం మీద రాసుకునేవాళ్లు. బలపం విరగడం గురించి చెప్పుకోవడానికి ఆ కాగితంలో గడి లేదు.

ఆరు నెలలు గడిచాక ఒకరోజు కలిగిరి బస్సులో ఒకామె కలిసింది. ఆమెదీ రాత్రిబడే. మాటల్లో మాటగా నా కష్టం చెప్పుకుంటే, తన బడిలోనూ అదే జరిగిందని చెప్పింది. ఆమె పలకలు పక్కన పెట్టించి, ఇళ్ల నుంచి ముగ్గుపిండి తెప్పించింది. లాంతరు వెలుగులో నేల మీద చుక్కలు పెట్టించి మెలికల ముగ్గు వేయమంది. బలపం పట్టుకుంటే వణికిన చేతులే గీత తెగకుండా ముగ్గు మొత్తం లాగాయి. అందులోంచే ఒక సున్న చూపించింది. సున్నకు తలకట్టు పెడితే 'ర' అయిందమ్మా అంది. ఎవరి పేరు వాళ్లు ముగ్గుపిండితో వాకిట్లో రాసుకునేదాకా పలక ముట్టనివ్వలేదు. ఆమె బడిలో చెయ్యి తిరగలేదని మానేసినవాళ్లు ఒక్కరూ లేరు.

ఆమె ఊరు మా ఊరికి ఎనిమిది కిలోమీటర్లు. ఆ ఎనిమిది కిలోమీటర్లు దాటి రావడానికి ఒక మంచి ఉపాయానికి ఆరు నెలలు పట్టింది. అదీ బస్సులో సీటు పక్కపక్కన దొరకబట్టి. నేను మళ్లీ ఆ పెద్దావిడ ఇంటికి పోయాను. అప్పటికి ఆమె కొడుకు దగ్గరికి వలస వెళ్లిపోయింది.

ముప్పై ఏళ్లు దాటినా ఇది నా మనసులోంచి పోలేదు. ఈ కరపత్రం రాయడానికి మొదటి కారణం ఇదే.

మిత్రులారా, మన జిల్లాకు ఇంకో చరిత్ర ఉంది. అది మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ రాత్రిబడుల్లో చేరిన ఆడవాళ్లు అక్షరాలతో ఆగలేదు. వాచకంలో సారా గురించి చదివి, తమ ఇళ్లలో జరుగుతున్నది చెప్పుకున్నారు. ఒకరి కథ విని ఇంకొకరు, తమది ఒక్క ఇంటి గొడవ కాదని తెలుసుకున్నారు. దూబగుంటలో సారా అంగడి మూయించారు. ఆ పోరాటంలో ముందు నిలిచిన రోసమ్మ పేరు ఊరూరా మోగింది. 1992 నాటికి సారా వ్యతిరేక ఉద్యమం జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ ఊపులోనే రోజుకో రూపాయి దాచుకునే పొదుపు లక్ష్మి సంఘాలు మన జిల్లాలో పుట్టాయి. చదువుకున్నవాళ్లు గుండ్రంగా కూర్చుని మాట్లాడుకుంటే ఏం జరుగుతుందో దేశానికి చూపించింది మన నెల్లూరు ఆడవాళ్లే.

నేర్చుకున్నవాళ్లు కూటమి కట్టారు. నేర్పినవాళ్లం కట్టలేదు. ఇది చెప్పడానికి నాకు బాధగా ఉంది, కానీ నిజం.

2009 సెప్టెంబరులో సాక్షర భారత్ అనే వయోజన విద్యా పథకం వచ్చింది. పంచాయతీకి ఇద్దరు గ్రామ సమన్వయకర్తలు, నెలకు రెండు వేల రూపాయల గౌరవ వేతనం. దాదాపు తొమ్మిదేళ్లు ఊళ్లల్లో తిరిగారు. ఏ ముసలమ్మకు కళ్లజోడు లేక అక్షరం ఆనడం లేదో, ఏ కోడలు అత్త ఒప్పుకోక రావడం లేదో, ఉపాధి హామీ పని జరిగే నెలల్లో బడి ఏ వేళకు పెట్టాలో వాళ్లకు తెలుసు. 2018 మార్చి 31తో పథకం ముగిసింది. వాళ్లను ఇంటికి పంపారు. వాళ్లకు తెలిసినదంతా వాళ్లతోనే ఇంటికి పోయింది. ఎవరూ కూర్చోబెట్టి అడగలేదు, రాసుకోలేదు. 2022లో ఉల్లాస్ మొదలైంది. పదిహేనేళ్లు దాటిన నిరక్షరాస్యులకు వలంటీర్లే చదువు చెప్పాలి. ఇవాళ పద్దెనిమిదేళ్ల అమ్మాయి ఒకతి ఫోన్‌లో వాచకం తెరిచి మేనత్త ముందు కూర్చుంటే, 1991లో నేను ఎక్కడ మొదలయ్యానో అక్కడే మొదలవుతోంది. ఆ పక్క వీధిలోనే ఒకప్పటి సమన్వయకర్త బట్టల అంగట్లో పని చేస్తూ ఉంటుంది. వాళ్లిద్దరూ ఎదురుపడినా ఒకరికొకరు తెలియదు.

2011 జనగణన లెక్కలో ఆంధ్రప్రదేశ్‌లో ఏడేళ్లు దాటినవాళ్లలో నూటికి 67 మందికే అక్షరాలు వచ్చు. ప్రతి పథకమూ మళ్లీ ఓనమాల దగ్గరే మొదలైతే ఇంకెన్ని తరాలు పడుతుంది?

కాలేజీ వాళ్లం మనం ఏమైనా మెరుగ్గా ఉన్నామా? నేను కామర్స్ చెబుతాను. 2021-22 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియం అయింది. ఇంటర్ దాకా తెలుగులో చదివిన పిల్లలు మొదటి సంవత్సరం క్లాసులో నోరు విప్పరు. విప్పించడానికి ఎవరి తంటాలు వాళ్లం పడుతున్నాం. స్టాఫ్ రూములో ఆరుగురం పక్కపక్కనే కూర్చుంటాం. అడ్మిషన్ల గురించి, నాక్ ఫైళ్ల గురించి, పరీక్ష డ్యూటీల గురించి మాట్లాడుకుంటాం. "నిన్న ఈ పాఠం చెప్పాను, ఒక్కరికీ అర్థం కాలేదు" అని మాత్రం ఎవరూ అనరు. నేనూ ఎన్నో ఏళ్లు అనలేదు. సీనియర్ లెక్చరర్ అయ్యుండి తెలియదంటే పరువు పోతుందని భయం. గెస్ట్ లెక్చరర్ తెలియదంటే ఉన్న గంటలు కూడా పోతాయని ఆమె భయం. ఇద్దరం మౌనంగా ఉంటే నష్టం వెనక బెంచీ పిల్లలది.

రెండేళ్ల కింద ఒకరోజు డెబిట్, క్రెడిట్ చెబుతున్నాను. నగదు ఖాతాకు సంబంధించి లోపలికి వచ్చినది డెబిట్, బయటికి పోయినది క్రెడిట్ అని రాశాను. ఒక పిల్లాడు ధైర్యం చేసి లేచాడు. "సార్, బ్యాంకులో డబ్బులేస్తే క్రెడిటెడ్ అని మెసేజ్ వస్తుంది. మీరు వస్తే డెబిట్ అంటారేంది?" అన్నాడు. సమాధానం నాకు తెలుసు. చెప్పాను కూడా. బ్యాంకు తన పుస్తకం ప్రకారం చెబుతుంది, మనం మన పుస్తకం ప్రకారం రాస్తాం అన్నాను. ఆ పిల్లాడి మొహంలో ఏమీ మారలేదు. క్లాసులో సగంమంది అదే మొహం.

ఆ వారం మా బంధువుల ఇంట్లో పెళ్లికి పోతే, ఒకప్పుడు గ్రామ సమన్వయకర్తగా చేసిన ఒక చెల్లెలు కలిసింది. ఇప్పుడు పొదుపు సంఘాలకు లెక్కలు రాస్తుంది. ఈ సంగతి చెబితే, "దానికేముందన్నా, మా ఆడోళ్లకూ మొదట ఇదే తికమక" అంది. సంఘం పుస్తకం, బ్యాంకు పాస్‌బుక్ రెండూ పక్కపక్కన పరిచి, ఒకే రెండు వేలను రెంటిలోనూ వేలుపెట్టి చూపిస్తుందట. సంఘం రెండు వేలు బ్యాంకులో వేసింది. సంఘం దృష్టిలో బ్యాంకు మనకు బాకీ పడింది, కాబట్టి మన పుస్తకంలో బ్యాంకు ఖాతాకు డెబిట్. బ్యాంకు దృష్టిలో తాను సంఘానికి బాకీ పడింది, కాబట్టి వాళ్ల పుస్తకంలో సంఘం పేరున క్రెడిట్. "ఎవరు ఎవరికి బాకీనో అడగండన్నా, మిగతాది వాళ్లే చెబుతారు" అంది. తర్వాతి సోమవారం క్లాసులో పిల్లల్నే అడిగాను, మీ అమ్మల్లో సంఘం పుస్తకం రాసేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని. ముగ్గురు చేతులెత్తారు. మరునాడు పుస్తకాలు తెచ్చారు. ఆ గంటలో ఆ క్లాసు మాట్లాడినంతగా నా సర్వీసులో ఏ క్లాసూ మాట్లాడలేదు.

పదో తరగతితో చదువు ఆపేసిన చెల్లెలు నాకు పాఠం చెప్పడం నేర్పింది. వయోజన విద్య వాళ్లు, కాలేజీ వాళ్లు వేర్వేరు అనుకోవడం ఎంత పొరపాటో ఆ రోజు తెలిసింది. మన ముందు కూర్చునేది ఎదిగినవాళ్లే. వాళ్ల వెనక ఒక బతుకు ఉంటుంది, పని ఉంటుంది, రాదేమోనన్న సిగ్గు ఉంటుంది. పద్దెనిమిదేళ్ల పిల్లాడికీ అరవై ఏళ్ల అవ్వకూ ఆ సిగ్గు ఒకటే.

మరి ఏం చేద్దాం?

రైతులను చూడండి. మన జిల్లాలో వరి పండించే ఊళ్లలో చాలామందికి పొలంబడి తెలుసు. అది 1989లో ఇండోనేషియాలో మొదలైంది. అక్కడ సుడిదోమ వరిని తుడిచిపెడుతుంటే మందులు కొట్టేకొద్దీ దోమ పెరిగింది, ఎందుకంటే దోమను తినే సాలీళ్లు, మిత్రపురుగులు ముందు చచ్చాయి. అప్పుడు రైతులనే పాతిక, ముప్పై మందిని ఒక గుంపుగా చేసి వారానికోసారి పొలంలోకి దింపారు. దుబ్బు దుబ్బుకూ వంగి చూడాలి, శత్రుపురుగులెన్ని, మిత్రపురుగులెన్ని లెక్కపెట్టాలి, గట్టు మీదికొచ్చి చార్టు మీద బొమ్మ గీయాలి, మందు కొట్టాలా వద్దా అందరూ కలిసి తేల్చుకోవాలి. మన దగ్గర వ్యవసాయ శాఖ దాన్నే పొలంబడి అంది. అధికారి అక్కడ ఉపన్యాసం ఇవ్వడు. పొలమే పాఠం, రైతే పంతులు.

తరగతి గది మన పొలం. అందులో మనం ఒక్కళ్లమే దిగుతున్నాం, ఒక్కళ్లమే గట్టెక్కుతున్నాం. పక్క మడిలో ఏ పురుగు పడిందో, వాళ్లేం చేశారో మనకు తెలియదు.

పండితులు కూడా దీన్ని గమనించారు. జీన్ లేవ్, ఎటియెన్ వెంగర్ 1991లో ఒక పుస్తకం రాశారు. ఆఫ్రికాలోని లైబీరియా దర్జీ కొట్లలో కుర్రాళ్లు ముందు గుండీలు కుట్టి, అంచులు మడిచి, పెద్దవాళ్ల మధ్య మసలుతూనే చివరికి గుడ్డ కత్తిరించేదాకా ఎలా ఎదుగుతారో అందులో చెప్పారు. ఒకే పని చేసేవాళ్లు, ఆ పని మీద పట్టింపు ఉన్నవాళ్లు, తరచూ కలుస్తూ ఒకరి దగ్గర ఒకరు నేర్చుకునే గుంపు గురించి వాళ్లు రాశారు. మన పోచంపల్లి మగ్గాల ఇళ్లలో, మన మేస్త్రీల దగ్గర ఇది ఎప్పటినుంచో ఉన్నదే. బోధనలోనే లేకుండా పోయింది.

లేకుండా పోయింది అని కూడా అనలేను. 1906 ప్రాంతంలో ఉత్తరాంధ్ర బడులను తనిఖీ చేయడానికి వచ్చిన యేట్స్ దొర, జనం మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకాల తెలుగు ఇంకొకటి ఎందుకని అడిగాడు. ఆ ప్రశ్నను వదలకుండా పట్టుకున్నవాళ్లలో పర్లాకిమిడిలో పాఠాలు చెప్పే గిడుగు రామమూర్తి, విశాఖ కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్, విజయనగరంలో గురజాడ ఉన్నారు. పాఠం చెప్పేవాళ్లు తమ క్లాసులో ఎదురైన ఒక చిక్కును కలిసి మాట్లాడుకోవడంతో మొదలైన కదలిక అది. ఇవాళ మనం పాఠాలు చెబుతున్న తెలుగు, ఈ కరపత్రం రాసిన తెలుగు, దాని ఫలమే.

ఓరియెంటేషన్లు, రిఫ్రెషర్ కోర్సులు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, మంచివే, పోవాలి. కానీ అక్కడ ఎక్కడినుంచో వచ్చిన ప్రొఫెసర్ చెబుతాడు, మనం వింటాం, సర్టిఫికెట్ తెచ్చుకుంటాం. మన క్లాసులో నిన్న జరిగినదాన్ని అక్కడ ఎవరూ అడగరు. సంఘాలున్నాయి కదా అంటారు. కాంట్రాక్టు వాళ్ల జీతాల కోసం, గెస్టు వాళ్ల గంటల కోసం, సమన్వయకర్తల బకాయిల కోసం సంఘాలు పోరాడాలి, మనం వాటి వెంట నడవాలి. వాట్సాప్ గ్రూపులున్నాయి, వాటిలో సర్క్యులర్లు వస్తాయి. ఇవన్నీ ఉన్నా, "నా పాఠం ఎక్కడ తప్పిందో చూడండి" అని అడగడానికి మనకొక చోటు లేదు. ఆ చోటు మనమే వేసుకోవాలి.

మేము కొందరం కలిసి ఆలోచించిన పద్ధతి ఇది. మార్చుకోవచ్చు.

నెలకోసారి, రెండో శనివారం, మధ్యాహ్నం 3 నుంచి 5 దాకా. ఆదివారం పెడితే దూరవిద్య క్లాసులు చెప్పేవాళ్లు రాలేరు, అందుకే శనివారం. చీకటి పడకముందే పల్లెలకు బస్సులు దొరకాలి, అందుకే 5కు ముగిద్దాం. పిల్లలున్న అమ్మలు పిల్లలతో రండి. వేదిక ఉండదు. ముఖ్య అతిథి, శాలువా, దండ ఉండవు. గుండ్రంగా కూర్చుంటాం. ప్రొఫెసరైనా వలంటీరైనా ఒకే వరస, ఒకే రకం కుర్చీ, కుర్చీలు చాలకపోతే అందరం చాపే.

ప్రతిసారీ ఇద్దరు మాత్రమే తమ క్లాసులో జరిగిన ఒక్కో సంగతి చెబుతారు. జరిగింది జరిగినట్టు చెప్పాలి. ఏ పాఠం, ఎవరు ఏమని అడిగారు, నేనేమన్నాను, ఎక్కడ చెయ్యి జారింది. విన్నవాళ్లు వెంటనే సలహాలు ఇవ్వకూడదు. ముందు ప్రశ్నలే. పావుగంట ప్రశ్నలు అయ్యాక, ఇలాంటిది తనకూ ఎదురైనవాళ్లు తాము ఏం చేశారో చెబుతారు. చివర్లో ఒకటి తేల్చుకుంటాం: వచ్చే నెలలోపు ఎవరు తమ క్లాసులో దీన్ని చేసి చూస్తారు? వాళ్లే వచ్చే కూటమిలో మొదట మాట్లాడతారు. పనికిరాలేదు అని చెప్పడానికి వచ్చినవాళ్లకు ఇంకా ఎక్కువ చోటు ఇద్దాం, ఎందుకంటే మిగతావాళ్ల ఆరు నెలలు వాళ్లు కాపాడుతున్నారు.

ఒక పుస్తకం పెడదాం. మామూలు రెండు వందల పేజీల రూళ్ల నోటుబుక్కు చాలు. తెలుగులో రాద్దాం. విద్యార్థుల పేర్లు, తోటి బోధకుల పేర్లు అందులో రాయం. దాన్ని ఏ అధికారికీ సమర్పించం, ఎవరి పదోన్నతికీ లెక్కకట్టం. మనం బదిలీ అయినా, రిటైరైనా, పథకం పేరు మారినా ఆ పుస్తకం ఊళ్లోనే ఉండాలి. కొత్తగా వచ్చిన గెస్ట్ లెక్చరర్ చేతికి మొదటి రోజే అది అందాలి.

రెండు, మూడు నెలలు కూర్చున్నాక ఒకరి క్లాసుకు ఒకరం పోదాం. కాలేజీ లెక్చరర్ ఒక రాత్రి ఊళ్లో ఉల్లాస్ బడికి వచ్చి వెనక కూర్చోవాలి. వలంటీరు ఒక గంట డిగ్రీ క్లాసులో కూర్చోవాలి. ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపిస్తుంది. చెబితే వినడం వేరు, కళ్లతో చూడటం వేరు.

"నాకంత అనుభవం లేదు, నేను వచ్చి ఏం చెప్పాలి?" అనుకునే చెల్లెళ్లకు ఒక మాట. మీరు అడగండి, చాలు. ముగ్గుపిండి ఉపాయం కనిపెట్టినామె కూడా అప్పటికి పదో తరగతి పాసైన పిల్లే. "ముప్పై ఏళ్ల సర్వీసు నాది, నాకెందుకు?" అనుకునే పెద్దలకు ఇంకో మాట. మీ ముప్పై ఏళ్లు మీతోనే ఇంటికి పోకూడదు. దయచేసి రండి.

పాతికమంది పోగవ్వాలని ఎదురుచూడకండి. ఐదుగురుంటే మొదలుపెట్టండి. ముగ్గురున్నా సరే.

మొదటి కూటమి వచ్చే రెండో శనివారం మధ్యాహ్నం 3 గంటలకు, ఈ కరపత్రం మీకు అందిన ఊళ్లోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఆవరణలో, చెట్టు కింద. కాలేజీ లేని ఊళ్లో పంచాయతీ ఆఫీసు అరుగు మీద. కరపత్రం చేతికిచ్చినవాళ్లకు మీ పేరు, మీరు ఏం బోధిస్తారో చెప్పండి. మీకు తెలిసిన పాత సమన్వయకర్త ఎవరైనా ఉంటే వాళ్ల ఇంటికి పోయి ఈ కాగితం చదివి వినిపించి, వెంటబెట్టుకు రండి.

వచ్చేటప్పుడు ఒక్కటి తెచ్చుకోండి: ఈ నెల మీ క్లాసులో మీరు చెప్పలేకపోయిన ఒక పాఠం.

ఇట్లు,
మీలాగే పాఠాలు చెప్పే కొందరు బోధకులు